హాలుకి కర్టెన్లు మనమే కుట్టుకుందాం

సెలవులకు వెళ్ళొచ్చేటప్పుడు ఆవకాయ జాడీతోపాటు చాలామంది పెట్టెలో తెచ్చుకునేది పెడన కలంకారీ గుడ్డ. హాలుకి కర్టెన్లు కుట్టించాలని ముచ్చటపడి కొంటాం. తీరా ఇంటికొచ్చాక బీరువాలో పెట్టేసి, దర్జీకి ఇవ్వడానికి జంకుతాం. ఆ జంకు సబబే. బరంపురంలోనో, హోసూరులోనో ఉన్నవారికి ఒక మూర తక్కువైతే అదే అచ్చు మళ్ళీ దొరకడం కష్టం. దొరికినా ఒక ఉడుకులో వచ్చిన రంగు ఇంకో ఉడుకులో రాదు. అందుకని ఈ గుడ్డకి కత్తెర మన చేత్తోనే పెట్టుకోవడం మేలు. కర్టెన్లకు అన్నీ తిన్నని కుట్లే. జాకెట్టు కుట్టడం రానివారికీ వస్తాయి. కష్టమంతా కొలతలోనే.

కలంకారీ కర్టెన్లు ఈనాటి ఫ్యాషనని కొందరంటారు. 17వ శతాబ్దంలోనే కోరమండల్ తీరపు అద్దకం గుడ్డలు ఓడలెక్కి వెళ్ళి యూరప్‌లో మంచాలకు తెరలయ్యాయి. మచిలీపట్నంలో ఇంగ్లీషువారు 1611లోనే వర్తకం మొదలుపెట్టారు. ఆ మోజు చూసి తమ నేతగాళ్ళు దెబ్బతింటారని ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించింది, ఇంగ్లాండు 1700లో చట్టం చేసింది. మన గుడ్డకి అంత గిరాకీ!

సరే, కొలతల సంగతి. కిటికీని కాదు, కడ్డీని కొలవండి. 4 అడుగుల కిటికీకి కడ్డీ అటూ ఇటూ అరడుగు చొప్పున సాగి 5 అడుగులుంటుంది. 48 అంగుళాల పన్నా గుడ్డ రెండు రెక్కలు తీసుకుంటే, పక్క మడతలకు పోగా సుమారు 88 అంగుళాలు మిగులుతుంది. అంటే కడ్డీకి ఒకటిన్నర రెట్లు. కలంకారీకి ఆ కుచ్చు చాలు. పల్చటి వాయిల్ అయితే రెండు రెట్లకు తగ్గకూడదు, లేకపోతే దుప్పటి ఆరేసినట్టుంటుంది.

పొడవు దగ్గరే చాలామంది నష్టపోతారు. కడ్డీ నుంచి నేలకి అంగుళం పైదాకా 84 అంగుళాలనుకుందాం. పైన కడ్డీ దూరే గొట్టానికి 4, కింద 4 అంగుళాల మడత రెండుసార్లు వేయడానికి 8, తడిస్తే కుంచించుకుపోయేదానికి 5. మొత్తం 101 అంగుళాలు. రెక్కకి 2 మీటర్ల 60 సెంటీమీటర్లు, రెండింటికీ 5 మీటర్ల 20. అచ్చు పెద్దదైతే రెండు రెక్కల్లో పువ్వుకి పువ్వు సరిపోవాలి కనుక ఒక అచ్చు పొడవు అదనంగా కొనండి.

దుకాణదారు ఏమి చెప్పినా, కోయకముందు గుడ్డని రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టండి. పిండకుండా నీడన ఆరేసి ఇస్త్రీ చేయండి. నేత నూలు గుడ్డ మీటరుకి 3 నుంచి 5 సెంటీమీటర్లు పోవడం మామూలే. కుట్టాక తడిస్తే ఆ పోయేది కిటికీ దగ్గర కనబడుతుంది. కోసేటప్పుడు కంటి అంచనా వద్దు. అడ్డంగా ఒక పేక పోగు లాగితే గీతలా దారి పడుతుంది, దాని వెంట కోయాలి.

మిషనుకు 14 నంబరు సూది, అంగుళానికి 8 నుంచి 10 కుట్లు. ముందు పక్కలు, తరువాత గొట్టం. గొట్టం కడ్డీకి బిర్రుగా ఉండకూడదు. కింది మడత మాత్రం వెంటనే కుట్టేయకండి. కచ్చా కుట్టు వేసి రెండు రోజులు వేలాడదీయండి. బరువుకి గుడ్డ సాగి ఒక మూల దిగితే అప్పుడు సరిచేయవచ్చు.

పడమటి ఎండ తగిలే కిటికీకి వెనక తెల్లటి నూలు లైనింగు తప్పనిసరి. లేకపోతే చెట్ల రంగులు కొద్ది వేసవుల్లోనే వెలిసిపోతాయి. లైనింగును కూడా ముందే తడపండి. యానాం వంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఇనుప కడ్డీ వద్దు, తుప్పు మరక గుడ్డకి పడితే పోదు.

కలంకారీ లేనివారికి తమిళనాట కో-ఆప్టెక్స్, ఒడిశాలో బొయనిక దుకాణాలున్నాయి. షోలాపూర్ వారికి మన పద్మశాలీల మగ్గాలే ఉన్నాయి.

మిగిలిన పేలికలతో కర్టెన్లు పక్కకి కట్టే నాడాలు వస్తాయి. జానెడు ముక్క మాత్రం వాడకుండా బీరువాలో దాచండి. రేపు పిల్లలు లాగి చింపితే అతుకుకి ఆ అచ్చే కావాలి.