లంగరు కొలువూ పోరాటమే

జవాను అనగానే తుపాకీ గుర్తుకు వస్తుంది, గరిటె గుర్తుకు రాదు. లంగరు అంటే మనకు ఓడ లంగరే తోస్తుంది గాని, సైనికుల వాడుకలో అది వంటశాల. 1984 ఏప్రిల్ 13న భారత సైన్యం సియాచిన్‌లో కాలూనిన నాటి నుంచి ఆ మంచుకొండల మీద వంట కూడా పోరాటంలో భాగమే. కొద్దిమందే ఉండే పైస్థావరాలలో ప్రత్యేకించి వంటవాడు ఉండడు, జవాన్లే వంతులవారీగా గరిటె పడతారు.

18 వేల అడుగుల ఎత్తున నీరు 80 డిగ్రీల పైచిలుకు వేడికే మరిగిపోతుంది. మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపు ఉంచినా ఉడకదు. ప్రెషర్ కుక్కర్ లేనిదే పూట గడవదు. తాగే నీటికైనా, ఎసటికైనా మంచును కిరోసిన్ పొయ్యి మీద కరిగించుకోవలసిందే. పైగా ఆ ఎత్తున ఆకలి చచ్చిపోతుంది. వండటం ఒక ఎత్తు, తోటివారిచేత నాలుగు ముద్దలు తినిపించడం ఒక ఎత్తు.

సరుకులు సమకూర్చేది ఆర్మీ సర్వీస్ కోర్. పైస్థావరాలకు హెలికాప్టర్లే దిక్కు, వాతావరణం బాగులేకుంటే అవీ రావు. అయితే లోటుకు ప్రకృతినే తప్పుపట్టలేము. ఎత్తైన ప్రాంతాల జవాన్ల ఆహారంపై 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక మరో కారణం బయటపెట్టింది. నిర్ణీత పదార్థాలకు బదులుగా ఇచ్చేవాటిని పోషక విలువను బట్టి గాక, ధరను బట్టి లెక్కకట్టారు. బదులు సరుకు ఖరీదైనదైతే పరిమాణం తగ్గింది. ఫలితంగా జవాన్లకు అందవలసిన కేలరీలలో కోత 82 శాతం దాకా వెళ్లిందని నివేదిక తేల్చింది.