పాత బొమ్మల కథల పుస్తకములు: వాని సేకరణము, స్థితినిర్ణయము

లోకమున మనుజులు పలువిధములగు వస్తువులను సేకరింతురు. తపాలా బిళ్ళలను, పాత నాణెములను, గవ్వలను కూర్చి, వరుసగా అమర్చుకొని ఆనందించువారిని మన చదువరులెల్లరు ఎఱుగుదురు. అట్లే అమెరికా సంయుక్త రాష్ట్రములలో పాత బొమ్మల కథల పుస్తకములను, అందు ముఖ్యముగా అతిమానుష శక్తులుగల వీరుల కథలు అచ్చయిన సంచికలను, సేకరించువారు వేలకొలది గలరు. అట్టి సంచికలను అచటివారు కామిక్ పుస్తకములందురు. 1938వ సంవత్సరమున పది సెంట్లకు అమ్మబడిన యొక సంచిక 2024వ సంవత్సరము ఏప్రిలు నెలలో వేలమున అరువది లక్షల డాలర్లకు పోయినది. డాలరునకు నూఱు సెంట్లు గనుక, వెల ఆఱు కోట్ల రెట్లు పెరిగినదన్నమాట. ఈ వింత యెట్లు సంభవించినది? వెల కట్టువారు పుస్తకమున నేమి చూతురు? అందు మనము నేర్చుకొనదగిన దేమైన గలదా? ఈ మూడు ప్రశ్నలకును ఈ వ్యాసమున సమాధానము చెప్ప యత్నింతుము.

ఆ సంచిక పేరు యాక్షన్ కామిక్స్. 1938 జూన్ నెల పేరిట వెలువడిన మొదటి సంఖ్య. దాని అట్టమీద నీలపు దుస్తులును ఎఱ్ఱని ఉత్తరీయమును ధరించిన వీరుడొకడు ఆకుపచ్చని మోటారుకారును పైకెత్తి బండకు మోదుచుండును. అతడే సూపర్‌మాన్. క్లీవ్‌లండు నగరవాసులగు జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇరువురు యువకులు ఆ వీరుని సృష్టించిరి. సీగెల్ కథ వ్రాసెను. షూస్టర్ బొమ్మలు గీసెను. ఆ వీరునిపై గల హక్కులను వారు 130 డాలర్లకు ప్రకాశకులకు విక్రయించివేసిరి. మఱుసటి సంవత్సరము మే నెల పేరిట వచ్చిన డిటెక్టివ్ కామిక్స్ 27వ సంఖ్యలో బాట్‌మాన్ కనుపించెను. పిమ్మట అట్టి వీరులు పెక్కుమంది బయలుదేరిరి. 1938 మొదలు సుమారు 1956 వఱకు గల కాలమును సేకర్తలు స్వర్ణయుగమని పిలుతురు.

యాక్షన్ కామిక్స్ మొదటి సంఖ్య సుమారు రెండు లక్షల ప్రతులు అచ్చయినది. వానిలో నేడు మిగిలియున్నవి నూఱు ప్రతులకు అటునిటుగ నుండునని వర్తకుల అంచనా. తక్కినవన్నియు ఏమైనవి? మొదటి కారణము, వానిని దాచవలెనను తలంపే ఎవరికిని లేకుండుట. పిల్లలు వానిని చదివి, చుట్టచుట్టి జేబులో దోపుకొని, నేస్తులతో మార్చుకొని, చినిగినపిదప పాఱవైచిరి. ఆ మొదటి సంఖ్యలోనే ఒక పుటకు రంగులు వేసి, దానిని చింపి పంపినవారిలో కొందఱకు బహుమానమిత్తుమని ప్రకాశకులు ప్రకటించిరి. అందుచే కొన్ని ప్రతులు ఆ పుటను పోగొట్టుకొనినవి. రెండవ కారణము యుద్ధము. అమెరికా రెండవ ప్రపంచ యుద్ధమున దిగినపిమ్మట పాత కాగితమును ప్రోగుచేసి ఇచ్చుట దేశసేవ యయ్యెను; బాలురు తమ పుస్తకములను కట్టలు కట్టి సమర్పించిరి. మూడవది పెద్దల ఆగ్రహము. ఈ కథలు పిల్లలను చెఱుపునని భయపడి, 1948వ సంవత్సరమున కొన్ని పట్టణములలో వానిని బహిరంగముగా తగులబెట్టించిరి. 1954లో ఫ్రెడరిక్ వర్థాం అను వైద్యుడు వీనిని ఖండించుచు గ్రంథము వ్రాసెను. ఆ యేటనే ప్రకాశకులు తమ పుస్తకములకు తామే ఒక నియమావళి నేర్పఱచుకొనిరి.

ఇందుండి సేకర్తలు గ్రహించిన సూత్రమొకటి గలదు. అందఱును దాచిన వస్తువు అరుదు కానేరదు. అందఱును పాఱవైచినదే అరుదగును. 1991వ సంవత్సరమున ఎక్స్‌-మెన్ అను సంచిక యొక్క క్రొత్త వరుసలో మొదటి సంఖ్య ఎనుబది లక్షల ప్రతులకు పైగా విక్రయమయ్యెను. మున్ముందు ధర పెరుగునను ఆశతో వేలకొలది జనులు దానిని చదువకయే సంచులలో భద్రపఱచిరి. నేడది కొలది డాలర్లకే లభించును. లాభమునకై దాచినవాడు లాభము పొందకపోయెను. ఇష్టముచే దాచిన కొలదిమంది వస్తువులే అమూల్యములయ్యెను.

అరుదగుట యొకటి, మంచి స్థితిలో నుండుట వేఱొకటి. రెండవదానిని తెలిసికొనుటకు ముందు కాగితపు స్వభావము నెఱుగవలెను. ఈ పుస్తకములు వార్తాపత్రికల కాగితమువంటి చౌకరకముపై అచ్చయినవి. కలపను యంత్రములతో నూఱగా వచ్చిన గుజ్జు దానికి ఆధారము. కలపలో లిగ్నిన్ అను పదార్థము గలదు. వెలుతురును గాలియు సోకినకొలది అది మార్పుచెంది కాగితమును పసుపుపచ్చగను, పిదప గోధుమవన్నెగను చేయును. కాగితమునందలి ఆమ్లము దాని పోగులను క్రమముగా తెంచివేయును. అంతట కాగితము పెళుసై, మడచినచోట ఎండుటాకువలె విఱుగును. వేడిమియు తేమయు ఈ క్రియను త్వరపఱచును; చల్లదనము, పొడి, చీకటి దానిని ఆలస్యము చేయును. పెళుసైన కాగితమునకు పూర్వపు బలము తిరిగి రాదు.

దీనికి గొప్ప నిదర్శనము ఎడ్గార్ చర్చ్ అను వాణిజ్య చిత్రకారుని సంగ్రహము. ఈయన కొలరాడో రాష్ట్రమున నివసించుచు, ఏండ్ల తరబడి ఈ పుస్తకములను కొని, ఇంటిలో ఎత్తైన దొంతరలుగా పేర్చియుంచెను. 1977వ సంవత్సరమున చక్ రొజాన్‌స్కీ అను యువ వర్తకుడు వానిని కొనెను. అవి 18,000 నుండి 22,000 వఱకు నుండెనని లెక్క. ఆ ప్రదేశము ఎత్తైనది. గాలి పొడిగా నుండును. ఇంటి లోపలి చీకటియు, దొంతర బరువుచే ప్రతుల నడుమ గాలి చొరకుండుటయు కలిసివచ్చెను. ముప్పదియైదు, నలువది ఏండ్లు గడచినను పెక్కు పుస్తకముల పుటలు తెల్లగను, అట్టల రంగులు క్రొత్తవానివలె మెఱయుచును ఉండెను. మైల్ హై ప్రతులని పేరొందిన వీనిని సేకర్తలు నేటికిని అత్యాదరముతో చూతురు.

ఇక స్థితినిర్ణయమును గుఱించి చెప్పుదుము. 1970వ సంవత్సరమున రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అనునాతడు ఈ పుస్తకముల ధరల పట్టికను గ్రంథముగా ప్రకటించెను. అప్పటినుండి స్థితులకు ఏర్పడిన పేళ్ళు స్థిరపడినవి. 2000వ సంవత్సరమున సి.జి.సి. అను సంస్థ బయలుదేరి, రుసుము పుచ్చుకొని, అమ్మువాడును కొనువాడును కాని మూడవ మనిషిగా పుస్తకమును పరీక్షించి, 0.5 మొదలు 10 వఱకు ఒక అంకె నిచ్చి, గట్టి పారదర్శకపు పెట్టెలో మూసి ఇచ్చుట ఆరంభించెను. ఈ కొలమానమున 10 నిర్దోషమైనది, 9.4 క్రొత్తదానికి సమీపమైనది, 8 మిక్కిలి చక్కనిది, 6 చక్కనిది. 2 అంకెకు ‘గుడ్’ అని పేరు, అనగా మంచిదని అర్థము. కాని పదింట రెండు మార్కులు వచ్చినవానిని మన ఉపాధ్యాయులెవరును మంచి విద్యార్థి యనరు. కావున ఈ వర్తకమున పేరును నమ్మక అంకెను చూడవలెను.

అంకెలో స్వల్పభేదము వెలలో ఎంత భేదము తెచ్చునో చూడుడు. యాక్షన్ కామిక్స్ మొదటి సంఖ్య ప్రతి యొకటి, 8 అంకె గలది, 2010 ఫిబ్రవరిలో పది లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. మఱుసటి నెలలోనే 8.5 గల వేఱొక ప్రతి పదునైదు లక్షలకు పోయెను. అర అంకెకు ఐదు లక్షల డాలర్లు! అందుచేతనే పరీక్షకులు సూదిమొనంత మచ్చను గూడ విడువక చూతురు.

పరీక్షించు విధమిది. చేతులు కడుగుకొని, చక్కగా తుడుచుకొని, శుభ్రమైన బల్లపై పుస్తకము నుంచవలెను. మొదట అట్టను నేరుగా చూచి రంగు వెలసినదో, మరకలు గలవో గమనింపవలెను. పిదప దానిని దీపము వైపునకు వాలుగా త్రిప్పి చూడవలెను. నేరుగా చూచినపుడు కానరాని నొక్కులును మడతలును ఏటవాలు వెలుతురున బయటపడును. రంగు చెదరని మడత చిన్న దోషము. రంగు విఱిగి తెల్లని గీత పడినది పెద్ద దోషము. అటుపిమ్మట వెన్నును చూడవలెను. పిన్నుల వద్ద సన్నని అడ్డగీతలు పడుట సామాన్యము. చదువుచు అట్టను వెనుకకు మడచి పట్టుకొనినచో వెన్ను ఒకవైపునకు ఒరిగిపోవును. అట్ట పొడవునను నడుమ నిలువు మడత గలదేని, ఆ ప్రతి చందాదారునకు తపాలాలో మడచి పంపబడినదని ఊహింపవచ్చును. మూలలు మొద్దువాఱెనేమో, అంచులు చిరిగెనేమో చూడవలెను. పిన్నులకు త్రుప్పు పట్టెనేని, తేమ తగిలిన గుర్తు. ఆ త్రుప్పు కాగితమునకు ప్రాకి దానిని తినివేయును.

లోపల పుటలను ఒక్కొక్కటిగా లెక్కించుట అత్యవశ్యకము. నడిమి కాగితము పిన్నులనుండి ఊడిపోయి యుండవచ్చును. ప్రకటనలలోని కూపనులను పిల్లలు కత్తిరించుకొనుట పరిపాటి. ఒక చదరపంగుళము కాగితము పోయినను, వెనుకపుటలోని కథయు దానితో పోవును గనుక, పుస్తకము మిక్కిలి క్రింది తరగతికి దిగును. చివరకు పుటల వన్నెను, వాసనను, మెత్తదనమును గమనింపవలెను. తెలుపు, మీగడవన్నె, గోధుమవన్నె, పెళుసు అని క్రమముగా తరగతి దిగును. అట్టమీద అంగడివాడు పెన్సిలుతో వేసిన తేదీ సాధారణముగా స్వల్ప దోషముగనే ఎంచబడును.

బాగుచేయుట యను దానిని గుఱించి ప్రత్యేకముగా హెచ్చరింపవలసి యున్నది. చిరుగునకు జిగురు టేపు అంటించుట మేలని తోచును. కాని కొన్నియేండ్లకు ఆ జిగురు పసుపుబాఱి, కాగితములోనికి ఇంకి, చిరుగుకంటె పెద్ద మచ్చగును. వెలసినచోట రంగుపూయుట, అంచులు సమముగా నుండుటకై కత్తిరించుట కూడ కలవు. స్వర్ణయుగపు సంచికలు సుమారు ఏడుమ్ముప్పాతిక అంగుళముల వెడల్పును పదిన్నర అంగుళముల పొడవును కలవి. కొలబద్దతో కొలిచినచో కత్తిరింపు తఱచుగా బయటపడును. రంగు పూయుటవంటి మరమ్మతు చేయబడిన ప్రతులకు సి.జి.సి. వారు ఊదారంగు చీటీ అంటింతురు. వానికి వెల తక్కువ. మరమ్మతు చేయుట నేరము కాదు. చేసి చెప్పకుండుట మోసము. ఇట్టిదే ఇంకొకటి. 1974వ సంవత్సరమున ప్రకాశకులే యాక్షన్ కామిక్స్ మొదటి సంఖ్యను పెద్ద పరిమాణమున పునర్ముద్రించిరి. దాని పై అట్టను తొలగించి, అసలుదని నమ్మించి అమ్మినవారు గలరు. పరిమాణము తెలిసినవాడు అందు చిక్కుకొనడు.

ఈ విద్యలో కష్టతమమైనది కంటిచూపు కాదు, నిష్పక్షపాతము. ఒకే పుస్తకమును అమ్మునపుడు దోషములు చిన్నవిగను, కొనునపుడు పెద్దవిగను తోచుట మానవ సహజము. తనదైన వస్తువును తానే తూచుకొనువాని త్రాసు తనవైపునకే మొగ్గును. అందుచే మొదట అంకె ననుకొని పిదప దోషములను వెదకరాదు. ముందు దోషములన్నిటిని కాగితముపై వ్రాసికొని, పిదప అంకెకు రావలెను. వీలైనచో, ఆ పుస్తకముపై ఆశలేని మఱియొకనికి చూపవలెను. ఈ నియమము పుస్తకములకే కాదు, మన జవాబు పత్రములను మనమే దిద్దుకొనునపుడును ఉపయోగించును.

భద్రపఱచు విధానము సులభము. నిప్పునకును ఎండకును దూరముగా, నేలను తాకని పెట్టెలో పుస్తకములను నిలువుగా నిలుపవలెను. పాలియెస్టరు పొరతో చేసిన సంచియు, ఆమ్లము లేని అట్టముక్కయు ఒక్కొక్కదానికి ఉండుట మంచిది. మన దేశపు ఉక్కయు, వానకాలపు తేమయు, చెదలును అమెరికా వాతావరణముకంటె క్రూరమైనవి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో ఆరంభించిన చందమామ పాత సంచికలు తెలుగువారి యిండ్లలో నేటికిని కొన్ని గలవు. పెక్కు కుటుంబములు వానిని సంవత్సరమునకొక సంపుటముగా కుట్టించి చదువుకొనినవి. సేకర్తల కొలమానమున కుట్టు రంధ్రములు దోషమే; కాని ఆ కుట్టే లేకున్నచో అనేక సంచికలు చెదరిపోయి యుండెడివి. తల్లిదండ్రులు అటక దులుపుచు పాత కాగితములవానిని పిలుచుటకు ముందు, ఆ కట్టలను ఒకసారి విప్పి చూడుడని మా మనవి.

ఈ సేకరణమును నిందించువారును గలరు. పెట్టెలో మూసి ముద్రించిన పుస్తకమును చదువ వీలులేదు. చదువుటకు వీలులేని పుస్తకము పుస్తకమేనా యని వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నయే. ధనము చేరినచోట్ల న్యాయము చేరుననుటకును వీలులేదు. సీగెల్, షూస్టర్లు పెక్కేండ్లు ఇబ్బందులు పడి పోరాడినపిదప, 1975వ సంవత్సరమునగాని వారి పేళ్ళు సూపర్‌మాన్ కథలపై తిరిగి అచ్చువేయుటకును, ఒక్కొక్కరికి ఏటేట 20,000 డాలర్ల భృతి నిచ్చుటకును కంపెనీవారు అంగీకరింపలేదు. 1938లో వారికి ఆ 130 డాలర్లను చెల్లించిన చెక్కు కాగితము 2012వ సంవత్సరమున వేలమున 1,60,000 డాలర్లకు పోయినది. సృష్టికర్తలకు ముట్టిన దానికంటె, ముట్టినదని చూపు కాగితమునకే వెల హెచ్చయ్యెను!

కావున విద్యార్థులారా, రెండు విలువలను వేఱుగా నెఱుగుడు. మడతలేని ప్రతి ఎవరో దానిని జాగ్రత్తగా దాచిరని చెప్పును; మూలలు నలిగి, అట్టపై పెన్సిలుతో పేరు వ్రాసియున్న ప్రతి ఒక బాలుడు దానిని మరల మరల చదివెనని చెప్పును. మొదటిదానికి అంగడిలో వెల హెచ్చు. రెండవది ఏ పనికై పుట్టెనో ఆ పని నెరవేర్చినది. చేతికి వచ్చిన పుస్తకమును శుభ్రమైన చేతులతో చదివి, చదివినపిదప పదిలముగా నుంచువారికి ఈ రెండు విలువలును కొంతకొంతగా దక్కును.