కుండ పొర్లితే కొలత పోతుంది

"హెచ్‌డీఆర్‌లో తీశారా? రంగులు అంత గాఢంగా వచ్చాయి!" నా ఫొటోలు చూసినవాళ్లలో సగం మంది అడిగేది ఇదే. హెచ్‌డీఆర్ రంగులు పూసే యంత్రం కాదు. అది వెలుగును కొలిచే పద్ధతి.

పాలంపేట రామప్ప గుడి చూడండి. 1213 నాటి కట్టడం. మిట్టమధ్యాహ్నం మండపంలో నిలబడితే నల్లరాతి స్తంభం మీది చెక్కడమూ, ద్వారం అవతల ఎండలోని పచ్చికా రెండూ మన కంటికి ఆనుతాయి. కెమెరాకు ఆనవు. స్తంభం కోసం తీస్తే ద్వారం తెల్లకాగితం. పచ్చిక కోసం తీస్తే స్తంభం బొగ్గు.

ఎందుకు? వాన పడుతుంటే వాకిట్లో కుండలు వరసగా పెట్టామనుకోండి. వాన వెలుగు, ఒక్కో కుండ సెన్సర్ మీది ఒక్కో పిక్సెల్. చూరు ధార కింది కుండ ఇట్టే నిండి పొర్లుతుంది. పొర్లాక లెక్క లేదు. పక్కదాంట్లో రెట్టింపు ధార పడినా రెండూ అంచుదాకా ఒకేలా కనబడతాయి. ఆ తెల్లకాగితం అదే. పందిరి కింది కుండలో పడేవి నాలుగు చినుకులు. కుండకు ముందునుంచే కాస్త తడి ఉంటుంది. ఏది తడి, ఏది చినుకు? తేల్చలేం. నీడల్లో కనబడే గరుకులో కొంత భాగం ఆ తడే.

అందుకే కుండలు మూడుసార్లు పెట్టాలి: రెప్పపాటు, కాసేపు, చాలాసేపు. పొర్లినవీ, అడుగు మాత్రమే తడిసినవీ పక్కన పెట్టి, మిగిలిన కుండల్లో నీటిని పెట్టిన సమయంతో భాగిస్తే ఏ చోట వాన ఎంత జోరుగా పడిందో తెలిసిపోతుంది. హెచ్‌డీఆర్ అంటే ఈ భాగహారమే. పరిశోధకులు డెబెవెక్, మాలిక్ 1997లో దీన్ని మామూలు కెమెరా ఫొటోలతో చేసి చూపించారు.

రామప్ప గుడిలో నేను కెమెరాను గట్టుకు ఆనించి, అపర్చర్ కదపకుండా, సెకనులో 1/1000, 1/60, 1/4 వంతు చొప్పున తీశాను. ఒక్కో మెట్టుకూ వెలుగు సుమారు 16 రెట్లు పెరుగుతుంది. మధ్యలో ఎవరైనా నడిస్తే మాత్రం దయ్యంలా సగం సగం మిగులుతారు. అలాంటి ఫొటో చూపించి గుడిలో ఆత్మ తిరుగుతోందని పంచుకునేవాళ్లున్నారు. అది మూడు ఫొటోలు కలపడం వల్ల వచ్చింది, ఆత్మ పని కాదు.

వేర్వేరు ఫొటోలను కలిపే ఈ ఆలోచన కంప్యూటర్లకంటే చాలా పాతది. 1850ల్లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రాల ఫొటోలు తీసేవాడు. అప్పటి ప్లేట్లు నీలానికి మరీ త్వరగా స్పందించేవి, ఆకాశం పాలిపోయేది. ఆయన ఆకాశానికొకటి, అలలకొకటి నెగెటివ్ తీసి, దిగంతం దగ్గర అతికించి ఒకే ప్రింటు వేశాడు. ఆ ఓపికను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మరి ఆ కంటిని గుచ్చే రంగులు ఎక్కడివి? కొలిచిన వెలుగంతా తెర మీద పట్టదు, కుదించాలి. ఆ కుదింపులో స్లైడర్‌ను చివరిదాకా లాగేస్తే వస్తాయవి. నేను లాగుతూ లాగుతూ ద్వారం అంచు చుట్టూ తెల్లటి వలయం పుట్టగానే ఆగి, వెనక్కి వస్తాను. చెక్కడంలోని సన్నని చిల్లులు నల్లబడేదాకా.