కీళ్ళవాతము – కాలవిలంబము

కీళ్ళలో వచ్చు నొప్పులన్నిటికిని మన ఇండ్లలో ‘వాతము’ అని ఒకే పేరు. ఈ ఒక్క మాటలో పలు వ్యాధులు ఇమిడియున్నవి. పెద్దవయసులో మోకాలి కీలు అరిగి కలుగు నొప్పి వేరు. నడివయసు స్త్రీలలో ఎక్కువగా కనబడు రుమటాయిడ్ కీళ్ళవాతము వేరు. మొదటిది ఏండ్ల తరబడి మెల్లగా ముదురును. రెండవది కొలది నెలలలోనే కీలును చెరుపగలదు. కనుక ఇందు ఆలస్యము మిక్కిలి హానికరము.

ఈ వ్యాధిలో జరుగునదేమి? కీలు లోపల పలుచని పొర యొకటి కలదు. కీలుకు కందెనవంటి ద్రవమును ఇచ్చునది ఇదియే. సూక్ష్మజీవులనుండి దేహమును కాపాడవలసిన రక్షణ వ్యవస్థ దారితప్పి ఈ పొరపైననే దాడిచేయును. పొర వాచి, దళసరియై, ప్రక్కనున్న మృదులాస్థిని, ఎముకను తినివేయును. అట్లు పోయిన భాగము తిరిగి పూర్వపు రూపునకు రాదు.

రోగి నిపుణుని చేరుటలో ఆలస్యము మూడుచోట్ల జరుగును. మొదటిది ఇంటిలో. తైలము, కాపడము, దుకాణమున కొన్న నొప్పిబిళ్ళలతో నెలలు గడచును. ఈ బిళ్ళలు నొప్పిని తగ్గించును గాని ఎముక నష్టమును ఆపజాలవు. రెండవది తొలి వైద్యుని యొద్ద. రక్తములో రుమటాయిడ్ ఫాక్టర్ కనబడలేదని వ్యాధి లేదనుకొనుట కలదు. కాని వ్యాధి యున్నను కొందరిలో ఈ పరీక్ష ఏమియు చూపదు. మూడవది దూరము. ఈ వ్యాధుల నిపుణులైన రుమటాలజిస్టులు ఎక్కువగా పెద్ద నగరములలోనే ఉందురు.

కీలు వాచిన రోగిని, లక్షణములు మొదలైన 6 వారములలో నిపుణుడు చూడవలెననియు, వ్యాధి నిలిచిపోవు సూచనలున్నచో 3 నెలలలో దాని గతిని మరల్చు మందు ఆరంభింపవలెననియు ఐరోపా రుమటాలజీ సంఘముల సమాఖ్య 2016 నాటి సూచనలలో చెప్పినది.

అట్టి మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనలనుండి ఇది వెలువడినది. ఈ వ్యాధికి దీనిని వాడుటకు 1988లో అమెరికాలో అనుమతి లభించినది. కీళ్ళవాతమునకు దీనిని వారమునకు ఒక్కరోజు మాత్రమే, వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకొనుచు వాడవలెను. గర్భిణులు వాడరాదు.

ఇంటిలో ఎవరికైనను ఉదయము లేచినపుడు వ్రేళ్ళు అరగంటకు మించి బిగిసియున్నను, మూడు లేక అంతకెక్కువ కీళ్ళు వాచినను, అరచేతిని ఇరుప్రక్కలనుండి కలిపి నొక్కినపుడు వ్రేళ్ళ మొదళ్ళలో నొప్పి కలిగినను, విద్యార్థులు మొదట చేయదగిన పని యొకటి కలదు. వాపు ఎన్నడు మొదలైనదో అడిగి, తేదీ వ్రాసి, వైద్యునికి చూపవలెను. 6 వారముల గడువు ఆనాటినుండియే లెక్క.