బెదురు కుక్కకు ఇల్లు వెతకాలంటే

2007లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో అమెరికన్ ఫుట్‌బాల్ తార మైకేల్ విక్‌కు చెందిన స్థలాన్ని పోలీసులు సోదా చేస్తే కుక్కల పందేల గుట్టు బయటపడింది. అక్కడ దొరికిన పిట్‌బుల్ కుక్కలను చంపేయడమే మేలని చాలామంది అన్నారు. జంతు సంక్షేమ సంస్థల్లో కొన్ని కూడా అదే మాటన్నాయి. పందేలకు పెంచిన కుక్కలు మనుషుల మీద పడతాయన్నది వాళ్ల భయం. తీరా నిపుణులు పరీక్షించి చూస్తే, వాటిలో చాలా కుక్కలు మనుషులంటేనే వణికిపోతున్నాయి. మనిషి దగ్గరికొస్తే పొట్ట నేలకు ఆనించి, కదలకుండా అతుక్కుపోయేవి.

కోర్టు వాటికి బతికే అవకాశం ఇచ్చింది. 22 కుక్కలు యూటా రాష్ట్రంలోని బెస్ట్ ఫ్రెండ్స్ ఆశ్రయానికి వెళ్లాయి. కొన్ని కాలిఫోర్నియాలోని బ్యాడ్ ర్యాప్ సంస్థకు చేరాయి. వాటిలో ఒకటైన జానీ జస్టిస్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కుటుంబంలో కలిసిపోయింది. చదవడం నేర్చుకుంటున్న పిల్లలు పక్కన కూర్చుని పుస్తకం పైకి చదువుతుంటే ఓపిగ్గా వినే సహాయక కుక్క అయింది. సరైన చేతుల్లో పడితే ఇలాంటి కుక్క కూడా మారగలదనడానికి ఇదొక సాక్ష్యం.

బెదురు కుక్కను చూడగానే ‘పాపం, ఎవరో కొట్టి ఉంటారు’ అనుకుంటాం. ప్రతిసారీ అదే కారణం కాదు. కుక్కపిల్లకు సుమారు 3 నుంచి 14 వారాల వయసు చాలా కీలకం. ఆ కాలంలో మనిషి స్పర్శ, గొంతు, ఇంటి చప్పుళ్లు తెలియకపోతే పెద్దయ్యాక అవన్నీ ప్రమాదాలుగానే తోస్తాయి. 1961లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం ఈ సంగతినే తేల్చింది. 14 వారాల దాకా మనుషులకు దూరంగా పెరిగిన కుక్కపిల్లలు ఆ తర్వాత మచ్చిక కావడం చాలా కష్టమైంది. తూముల్లో, పాడుబడ్డ గోడల చాటున పెరిగిన వీధి కుక్కపిల్లల్లో కొన్ని చెయ్యి చాపితేనే పారిపోవడానికి కారణం ఇదే కావచ్చు.

భయానికి వైద్యం ఉంది. అమెరికాలోని జంతు సంక్షేమ సంస్థ ఏఎస్‌పీసీఏ మితిమీరిన భయం ఉన్న కుక్కల కోసం 2013లో న్యూజెర్సీలో ప్రయోగాత్మకంగా ఒక కేంద్రం తెరిచింది. 2018లో నార్త్ కరోలినాలో శాశ్వత కేంద్రం పెట్టింది. అక్కడ బెదిరింపులు ఉండవు. ఇష్టమైన తిండి చూపిస్తూ, భయపెట్టేదాన్ని మెల్లమెల్లగా దగ్గర చేస్తారు. ధైర్యం ఉన్న కుక్కలను తోడు పెడతారు. అలా చికిత్స పొందిన 441 కుక్కలను పరిశీలిస్తే 86 శాతం దాకా చికిత్స పూర్తి చేసుకుని బయటికొచ్చాయి.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. దత్తత ఇచ్చేవాళ్లు నిజం చెప్పాలి. ‘చాలా సాధువు’ అని సరిపెట్టకుండా, ‘కొత్తవాళ్లొస్తే మంచం కింద దూరుతుంది, ప్రెషర్ కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడుతుంది’ అని వివరంగా చెప్పాలి. తీసుకునేవాళ్లను కూడా అడగాలి. పగలు ఇంట్లో ఎవరుంటారు? ఇంటి ఓనరు ఒప్పుకున్నారా? లిఫ్టు ఎక్కక తప్పని ఫ్లాటా? చిన్నపిల్లలు, వచ్చీపోయే చుట్టాలతో సందడిగా ఉండే ఇల్లు ఇలాంటి కుక్కకు నరకం. నెమ్మదస్తులున్న ఇల్లు, వీలైతే స్నేహంగా మెలిగే మరో కుక్క ఉన్న ఇల్లు మేలు. శాశ్వతంగా ఇచ్చే ముందు కొన్నాళ్లు తాత్కాలికంగా సాకే ఫోస్టర్ ఇంట్లో ఉంచితే దాని అలవాట్లు తెలుస్తాయి.

మొదటి రోజుల్లో పెద్ద ప్రమాదం పారిపోవడం. తలుపు సందు దొరికితే చాలు, బెదిరిన కుక్క వెనక్కి చూడకుండా ఉరుకుతుంది. అందుకే బయటికి తీసుకెళ్లేటప్పుడు మెడ పట్టీకి ఒకటి, ఛాతీకి తొడిగే హార్నెస్‌కు ఒకటి, రెండు తాళ్లు కట్టాలి. పట్టీకి ఫోన్ నంబరున్న బిళ్ల వేలాడదీయాలి. ఇంట్లో కుక్కకంటూ ఒక మూల కేటాయించాలి. కళ్లలోకి గుచ్చి చూడకుండా, పక్కకు తిరిగి నేల మీద కూర్చోవాలి. అదే మన దగ్గరికి రావాలి తప్ప మనం లాక్కోకూడదు. కొత్త చోటి కంగారు తగ్గడానికి 3 రోజులు, రోజువారీ పద్ధతి తెలియడానికి 3 వారాలు, ఇది తన ఇల్లని నమ్మడానికి 3 నెలలు పడుతుందని షెల్టర్లవాళ్లు చెబుతుంటారు. బెదురు కుక్కకు అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. దీపావళి టపాసులు, వినాయక నిమజ్జనం డీజేల రోజుల్లో కిటికీలు మూసి, తోడుగా ఉండాలి. తగ్గని భయానికి మందులున్నాయి, పశువైద్యుణ్ని అడగాలి.

ఇక మన దగ్గర, హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు వీధి జంతువులను ఆదుకుంటున్నాయి. వీధికుక్కలను దత్తత తీసుకోదలచినవారు స్థానిక మునిసిపల్ సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చని, అవి మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత వారిదేనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

దత్తత శిబిరానికి వెళ్లినప్పుడు తోక ఊపుతూ ఎదురొచ్చిన కుక్కతోనే ఆగిపోకండి. మీ ఇల్లు ప్రశాంతమైనదైతే, ఏడాదైనా ఓపిక పట్టగలిగితే, ఎవరూ అడగని బెదురు కుక్క గురించి కూడా నిర్వాహకులను అడగండి.