ఉపగ్రహానికి టవర్ సాయం

ఫోన్‌లో మ్యాప్ తెరవగానే మనమున్న చోట నీలి చుక్క కనబడుతుంది. దాన్ని ఉపగ్రహమే పంపుతోందని చాలామంది నమ్మకం. మనమెక్కడున్నామో జీపీఎస్ ఉపగ్రహానికి అసలు తెలియదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తన గడియారంలో సమయమెంతో, తానెక్కడుందో మాత్రమే అది చెబుతుంది. ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్క కట్టేది ఫోనే. మూడు దూరాలతో మన స్థానం తేలాలి. కానీ ఫోన్ గడియారం అంత కచ్చితమైనది కాదు. సెకనులో పదిలక్షో వంతు తేడా వచ్చినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. అందుకే ఆ తేడాను సరిదిద్దడానికి నాలుగో ఉపగ్రహం కావాలి.

చిక్కంతా వేగంతోనే. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున చెబుతుంది. ఒక విడత సందేశానికి 30 సెకన్లు పడుతుంది. మేడలు అడ్డొచ్చి మధ్యలో ఒక ముక్క జారిపోతే, అది మళ్లీ వచ్చేదాకా ఆగాల్సిందే.

ఇక్కడే మొబైల్ నెట్‌వర్క్ ఆదుకుంటుంది. ఆరుబయట ఉంచిన రిసీవర్లు ఉపగ్రహాల సందేశాలను ఎప్పటికప్పుడు అందుకుంటూ ఉంటాయి. ఆ వివరాలు ఇంటర్నెట్ ద్వారా ఫోన్‌కు క్షణాల్లో చేరతాయి. మనం ఏ టవర్ పరిధిలో ఉన్నామో తెలుసు కాబట్టి, నెత్తిమీద ఏ ఉపగ్రహాలున్నాయో, ఏ పౌనఃపున్యం దగ్గర వెతకాలో కూడా ఫోన్‌కు ముందే తెలిసిపోతుంది. ఈ పద్ధతే అసిస్టెడ్ జీపీఎస్.

దీనికి ఊపు తెచ్చింది అమెరికాలోని ఒక నిబంధన. ల్యాండ్‌లైన్ నుంచి అక్కడి అత్యవసర నంబర్ 911కు ఫోన్ చేస్తే చిరునామా తెలిసేది. మొబైల్‌తో ఆ వీలు ఉండేది కాదు. మొబైల్‌లో మాట్లాడేవారి స్థానం కూడా తెలిసేలా చూడాలని 1996లో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆదేశించింది.

సాయం ఒకవైపే కాదు. 5జీలో చాలాచోట్ల పంపడం, అందుకోవడం ఒకే పౌనఃపున్యంపై వంతులవారీగా సాగుతాయి. పక్కపక్క టవర్ల గడియారాలు మైక్రోసెకన్ల తేడాలో కలవకపోతే ఒకదాని మాట మరొకదానికి అడ్డొస్తుంది. ఆ సమయాన్ని చాలా టవర్లు జీపీఎస్ నుంచే తీసుకుంటాయి.

సిగ్నల్ అందని అడవిలోనూ ఫోన్ స్థానం కనుక్కోగలదు, ఆకాశం కనబడే చోట కాసేపు ఓపిక పట్టాలంతే. మ్యాప్ మాత్రం ముందే దించుకోవాలి. ఆ స్థానాన్ని ఇతరులకు చెప్పాలంటే టవరైనా ఉండాలి, 2022లో వచ్చిన ఐఫోన్ 14లా ఉపగ్రహానికే అత్యవసర సందేశం పంపగల ఫోనైనా ఉండాలి.