గ్లూ గన్ దారాలు ఎందుకు సాగుతాయి?

బడుల్లో వైజ్ఞానిక ప్రదర్శనల రోజులు దగ్గరపడితే ఇంట్లో గ్లూ గన్ బయటికి వస్తుంది. అట్టతో చేసిన గాలిమరైనా, ఐస్‌క్రీమ్ పుల్లల వంతెనైనా నిమిషాల్లో అతికించి నిలబెడుతుంది. తీరా పని పూర్తయ్యాక చూస్తే నమూనా నిండా సాలెగూడు లాంటి దారాలు, అతుకుల దగ్గర ఉబ్బిన ముద్దలు. చెయ్యి తిరగకపోవడమే కారణమనుకుంటాం కానీ, చాలావరకు తప్పు ఉష్ణోగ్రత దగ్గర జరుగుతుంది.

గ్లూ స్టిక్‌లలో సాధారణంగా ఉండేది ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ అనే పాలిమర్. బాగా అంటుకోవడానికి రెసిన్లు, పలుచబరచడానికి మైనం కలుపుతారు. తెల్ల జిగురు గట్టిపడాలంటే అందులోని నీరు బయటికి పోవాలి, అందుకే అంతసేపు పడుతుంది. ఈ జిగురులో నీరు ఉండదు. ఇది ఆరదు, చలికాలంలో కొబ్బరినూనెలా గడ్డకడుతుంది. వేడి తగిలితే మళ్లీ కరుగుతుంది.

పాలిమర్ అణువులు పొడవాటి గొలుసులు, ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉంటాయి. బాగా వేడిగా ఉన్నప్పుడు అవి సులువుగా జారతాయి కాబట్టి జిగురు చుక్కగా తెగుతుంది. సగం చల్లారాక స్నిగ్ధత పెరిగి, తీగపాకంలా లాగినకొద్దీ సాగుతుంది. కాబట్టి ప్లగ్ పెట్టగానే ట్రిగ్గర్ నొక్కకుండా ఓ అయిదు నిమిషాలు ఆగాలి. చాలా గన్‌లలో ఉండే హీటర్ ఒక సిరామిక్ బిళ్ల. ఒక స్థాయికి మించి వేడెక్కితే దాని విద్యుత్ నిరోధం బాగా పెరిగి, ఉష్ణోగ్రత అక్కడే నిలకడగా ఉంటుంది. గబగబా నొక్కితే మాత్రం చల్లని స్టిక్ లోపలికి దూసుకెళ్లి ఆ నిలకడను చెడగొడుతుంది. స్టిక్ మందం కూడా చూసుకోవాలి. 11 మిల్లీమీటర్ల గన్‌లో 7 మిల్లీమీటర్ల స్టిక్ పెడితే కరిగిన జిగురు వెనక్కి కారుతుంది.

చుక్క పెట్టాక ట్రిగ్గర్ వదిలేసి, మొనను అతుకుకు తాకిస్తూ కాస్త తిప్పి పైకి తీస్తే దారం అక్కడే తెగుతుంది. అప్పటికీ మిగిలిన దారాల మీద హెయిర్ డ్రయర్ గాలి కాసేపు తగిలిస్తే, సాగిన గొలుసులు ముడుచుకుపోయి అవి మాయమవుతాయి. ఎక్కువసేపు పెడితే అతుకే వదులవుతుంది.

అట్ట, చెక్క, గుడ్డ గరుకుగా ఉంటాయి. జిగురు వాటి సందుల్లోకి దిగి కొక్కెంలా పట్టుకుంటుంది. లోహంతో చిక్కు వేరు. అది వేడిని వెంటనే లాగేసుకోవడంతో జిగురు సరిగ్గా పరుచుకోకముందే గడ్డకడుతుంది, తర్వాత పెచ్చులా ఊడుతుంది. లోహాన్ని ముందే కొంచెం వెచ్చబెట్టడం మేలు. థర్మోకోల్ అంటే పాలిస్టైరీన్, సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. దాదాపు 190 డిగ్రీల దాకా వేడెక్కే గన్ దానికి గుంటలు పెడుతుంది. 120 డిగ్రీల ప్రాంతంలో పనిచేసే రకం తీసుకుని, జిగురును ముందు అట్ట మీద పెట్టి, రెండు మూడు సెకన్లు ఆగి థర్మోకోల్‌కు అద్దాలి. అన్నట్టు, పూర్తయిన నమూనాను మే నెల ఎండలో మూసిన కారులో వదిలేయకండి. 60 డిగ్రీలు దాటితే చాలా రకాల గ్లూ స్టిక్‌ల పట్టు సడలుతుంది.

వేళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వేడినీళ్లు పడితే జారిపోతాయి. ఈ జిగురు మరిగే నీటికంటే వేడిగా ఉండటమే కాక, చర్మాన్ని అంటుకుని లోపలికి వేడిని దింపుతూనే ఉంటుంది. అందుకే అతుకును వేలితో కాకుండా పుల్లతో నొక్కాలి, పిల్లల పక్కన పెద్దలు ఉండాలి. కాలితే ఆ చోటును వెంటనే కుళాయి చల్లనీటి కింద 20 నిమిషాలు ఉంచాలి. అంటుకున్న జిగురును పీకితే చర్మమూ ఊడి వస్తుంది. ఐసు, టూత్‌పేస్టు వద్దు. బొబ్బలెక్కినా, జిగురు ఊడకపోయినా డాక్టరుకు చూపించాలి.